కెమెరా సరకు: అంగడియా, తపాలాయా?

ఛాయాచిత్ర కళ 1839లో పారిసు నగరమున లోకమునకు వెల్లడి యైనది. మరుసటి సంవత్సరముననే కలకత్తాలో థాకరు పుస్తక విక్రేతలు కెమెరాలను తెప్పించి పత్రికలో ప్రకటన వేసిరి. పుస్తకముల ప్రక్కన కెమెరా! నాడు దానికి వేరొక అంగడి యెక్కడిది?

ఆ తరువాత వచ్చిన తడిపలక పద్ధతిలో తపాలాకు పని స్వల్పము. గాజుపలకపై కొలోడియను పూసి, వెండి ద్రావకమున ముంచి, తడి యారకముందే బొమ్మ తీసి కడుగవలెను. అట్టి పలకను దూరదేశమునుండి ఎవరు పంపగలరు? 1871లో మాడాక్సు అను ఆంగ్ల వైద్యుడు జెలటిను పూసిన ఎండుపలకను కనిపెట్టుటతో ఆ చిక్కు విడిపోయినది. పలకలు పెట్టెలకెక్కినవి. 1877లో మన తపాలా శాఖ వి.పి. పద్ధతిని ప్రవేశపెట్టెను. నిజాము రైలు 1874లోనే వాడి కూడలి నుండి హైదరాబాదు చేరియుండెను. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పినది ఆ దశాబ్ది తరువాతనే. ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వారు కొనిరి.

వి.పి.లో ఒక మెలిక కలదు. కట్ట విప్పకముందే తపాలా బంట్రోతుకు సొమ్ము చెల్లింపవలెను. లోపల నున్నదానికి తపాలా శాఖ పూచీ పడదు. కటకముపై గీత యున్నను, బూజు పట్టినను, విప్పిన పిమ్మటనే తెలియును. అంగడిలోనైతే కటకమును వెలుతురుకెత్తి చూడవచ్చును, కెమెరాకు తగిలించి త్రిప్పి చూడవచ్చును, బేరమాడవచ్చును. అయినను అంగడివారిని మరీ పొగడలేను. పలకలును ఫిలిములును వేడికి చెడును. మన వేసవులలో బీరువాలో మ్రగ్గిన పెట్టెకంటె దూరమునుండి వచ్చిన క్రొత్త పెట్టెయే మేలు. కావున చెడు సరకు తపాలాలోను, చెడని సరకు అంగడిలోను కొనుట మంచిదని నా అభిప్రాయము. వినుటకిది తలక్రిందుగా తోచవచ్చును.

మామిడిపల్లి చెంత 2008లో విమానాశ్రయము తెరచిరి. 2017లో శంషాబాదున అమెజాను సంస్థ సుమారు 4 లక్షల చదరపు అడుగుల గిడ్డంగిని ఆరంభించెను. ఒకనాడు సముద్రములు దాటి వచ్చిన తపాలా అంగడి నేడు ఈ యూరికి పొరుగైనది. నచ్చని సరకును త్రిప్పి పంపు వీలును నేడు కలదు. కాని పెండ్లి ముహూర్తము రేపనగా వచ్చిన కటకము మసకగా నున్నచో, ఆ వీలు మామిడిపల్లి ఫొటోగ్రాఫరునకు ఏమి అక్కరకు వచ్చును? తాళి కట్టు క్షణము మరల రాదు. పొరుగున నున్న గిడ్డంగిలోనికి పోయి సరకును చేతబట్టి చూచుటకు వానికి వీలులేదు. అందులకు కోఠీ దాక పోవలసినదే.