గెంతిన చుక్క

1930 ఫిబ్రవరి 18, మంగళవారం. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు, దాన్ని ఆనుకున్న కొండ మీద లోవెల్ అబ్జర్వేటరీ. సాయంత్రం నాలుగు కావస్తోంది. మీరు బ్లింక్ కంపారేటర్ దగ్గర, క్లైడ్ టాంబా వెనక నిలబడి ఉన్నారు. 24 ఏళ్ల కుర్రాడు. కాన్సస్‌లో పొలం పనులు చేసుకుంటూ, సొంతంగా టెలిస్కోపులు తయారుచేసి ఇక్కడిదాకా వచ్చాడు. నెప్ట్యూన్ అవతల ఇంకో గ్రహం ఉందని నమ్మి, అది దొరక్కుండానే 1916లో కన్నుమూసిన పెర్సివల్ లోవెల్ వెతుకులాట ఇప్పుడు ఇతని చేతిలో ఉంది.

పక్కకు జరిగి మీకు చోటిస్తున్నాడు. కన్ను ఆనించండి.

తెల్లటి వెలుగులో నల్ల చుక్కలు. నెగటివ్ కదా, ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉంటాయి. పరికరంలో రెండు గాజు పలకలు బిగించి ఉన్నాయి, ఒక్కోటి 14 అంగుళాలకు 17 అంగుళాలు. మిథున రాశిలో ఒకే చోటు. ఒకటి జనవరి 23న తీసింది, మరొకటి 29న. ఒక్కో పలక మీద లక్షకు పైగా నక్షత్రాలు.

టక్. ఇప్పుడు కనిపిస్తున్నది రెండో పలక. టక్. మళ్లీ మొదటిది. ఒక్క చుక్కా కదల్లేదు. కాస్త జరిపి పక్క ముక్క. టక్, టక్. నెలల తరబడి ఇతను చేస్తున్నది ఇదే.

ఒక్కో చుక్కనూ సరిపోల్చి చూడాలంటే మనిషి వల్ల అయ్యే పని కాదు. కంపారేటర్ రెండు పలకల మధ్య తేడాను కదలికగా మార్చి కంటికి అప్పగిస్తుంది. ఇక్కడ చుక్క మాయమై, వెంటనే పక్కన మరొకటి కనిపిస్తే, మెదడు వాటిని రెండుగా లెక్కించదు, ఒకటే గెంతిందంటుంది. లేని కదలికను మెదడు ఇలా చూస్తుందని 1912లోనే జర్మనీలో మాక్స్ వర్థైమర్ ప్రయోగాలతో చూపించాడు. కానీ చుట్టూ ఉన్నవన్నీ నిలకడగా ఉండాలి. పలకలు వెంట్రుకవాసి తేడాతో అమరినా నక్షత్రాలన్నీ కలిసి గెంతుతాయి, అసలుది ఆ గుంపులో కలిసిపోతుంది.

మార్పు వెంటవెంటనే జరగడమూ అంతే ముఖ్యం. ఈ గదిలో ఇంకా ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. 1997లో రొనాల్డ్ రెన్‌సింక్, ఇద్దరు సహచరులు కంప్యూటర్ తెర మీద రెండు ఫోటోలను మార్చిమార్చి చూపిస్తూ, మధ్యలో సెకనులో పన్నెండో వంతు పాటు ఖాళీ తెర చొప్పించారు. పెద్ద పెద్ద తేడాలు కూడా చాలాసేపు ఎవరికీ దొరకలేదు. ఆ కాస్త ఖాళీ వల్ల తెరంతా ఒక్కసారే మినుకుమంటుంది, ఏ మూల మారిందో చెప్పే ఆ చిన్న కుదుపు అందులో మునిగిపోతుంది. టాంబా చేతికింది పరికరంలో అలాంటి ఖాళీ లేదు.

అతను మళ్లీ కూర్చున్నాడు. టక్, టక్. చెయ్యి ఆగింది.

చూడండి. ఒక బుల్లి చుక్క. టక్, మూడున్నర మిల్లీమీటర్ల అవతల ఉంది. టక్, తిరిగొచ్చింది. మామూలు కంటికి ఆనే అతి మసక నక్షత్రం కన్నా వేల రెట్లు మసకైనది. అయినా, ఒకసారి గెంతడం చూశాక, ఇక దాన్ని చూడకుండా ఉండలేరు.

గ్రహశకలమేమో? కాదు. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి చెట్లు పరుగెడతాయి, దూరపు కొండలు నింపాదిగా జరుగుతాయి. భూమి మీద మనమూ ప్రయాణికులమే. ఆరు రోజుల్లో ఇంత తక్కువ జరిగిందంటే అది నెప్ట్యూన్‌కూ అవతలిది. పలక మీది మచ్చేమో? జనవరి 21న తీసిన మూడో పలక తెస్తాడు. సరిగ్గా ఉండాల్సిన చోటే చుక్క ఉంది. ముప్పావు గంట సేపు తరచి తరచి చూసుకుని, డైరెక్టర్ స్లైఫర్ గదికి వెళ్లి, మీ గ్రహం దొరికిందని చెబుతాడు.

ఆ రాత్రి మబ్బు పట్టింది. ఫోటో కుదరదు. టాంబా ఊళ్లోకి దిగి 'ది వర్జీనియన్' సినిమాకు వెళ్లాడు, మీరూ వెంట ఉన్నారు. తెర మీద గ్యారీ కూపర్. సినిమా అంటే అవీ నిలకడ బొమ్మలే, సెకనుకు 24. బొమ్మకూ బొమ్మకూ మధ్య చీకటి కూడా ఉంటుంది, కానీ అది సెకనులో వందో వంతు మాత్రమే. అంత చిన్న ఖాళీని మెదడు అవలీలగా దాటేస్తుంది.

మరునాటి రాత్రి మబ్బు విడిపోయి కొత్త పలక తీయగలిగారు. 20న దాన్ని కంపారేటర్‌లో బిగించారు. లెక్క ప్రకారం ఎక్కడ ఉండాలో అక్కడే చుక్క. మార్చి 13న, లోవెల్ పుట్టినరోజున, ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు.