విమాన సిబ్బంది జ్ఞాపకాలు – చరిత్ర ఆధారాలు: హైదరాబాదు, 1948

పోలీసు చర్యకు దారితీసిన రాజకీయ పరిస్థితులు మీకు తెలిసినవే. ఈ భాగంలో అదే కాలాన్ని మరో వైపు నుంచి పరిశీలిద్దాం. పరాయి దేశంలో ఒప్పందం మీద పనిచేసిన విమాన సిబ్బంది తర్వాతి కాలంలో చెప్పుకొన్న జ్ఞాపకాలు చరిత్ర రచనకు ఎంతవరకు పనికివస్తాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మనం హైదరాబాదు పాతబస్తీలోని బార్కస్ దాకా వెళ్దాం.

నేపథ్యం

1947 నవంబరు 29న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వానికి, భారత ప్రభుత్వానికి మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. కాని పరస్పర విశ్వాసం ఏర్పడలేదు. సంస్థానంలో రజాకార్ల దౌర్జన్యాలు పెరిగాయి. భారత ప్రభుత్వం సరిహద్దుల వద్ద సరుకుల రవాణాను కట్టడి చేసింది. సంస్థానానికి సముద్రతీరం లేదు, చుట్టూ భారత భూభాగమే. బయటి నుంచి ఆయుధాలు తెప్పించుకోవాలంటే ఆకాశమార్గమే మిగిలింది.

ఆ మార్గంలో వచ్చినవాడు సిడ్నీ కాటన్. 1894లో ఆస్ట్రేలియాలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ విమాన విభాగంలో పనిచేస్తూ, ఆకాశంలో చలిని తట్టుకోవడానికి పైలట్లు వేసుకునే ‘సిడ్‌కాట్’ సూటును రూపొందించాడు. రెండో ప్రపంచయుద్ధం తొలి రోజుల్లో శత్రు స్థావరాలను విమానం నుంచి ఫోటోలు తీసే పద్ధతిని బ్రిటన్ కోసం అభివృద్ధి చేశాడు. 1948లో లాంకాస్ట్రియన్ విమానాలను, వాటిని నడిపే సిబ్బందిని సమకూర్చుకుని కరాచీ నుంచి సంస్థానానికి ఆయుధాలు చేరవేశాడు. లాంకాస్ట్రియన్ అంటే లాంకాస్టర్ బాంబర్‌ను రవాణాకు అనువుగా మార్చిన విమానం. బీదరు, వరంగల్ విమానాశ్రయాలలో ఈ విమానాలు రాత్రివేళ దిగేవి. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఈ దారిలో ఎక్కువ భాగం భారత భూభాగం మీదుగా, అనుమతి లేకుండా ప్రయాణించాలి. నేడు కర్ణాటకలో ఉన్న బీదరు అప్పట్లో హైదరాబాదు సంస్థానంలోనిదని గుర్తుంచుకోండి.

ఆ ఆయుధాలు యుద్ధ ఫలితాన్ని మార్చలేదు. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది.

జ్ఞాపకాన్ని ఎలా చదవాలి?

కాటన్ జీవిత కథనం ‘ఏవియేటర్ ఎక్స్‌ట్రార్డినరీ’ 1969లో వెలువడింది. ఆయన చెప్పగా రాల్ఫ్ బార్కర్ గ్రంథస్థం చేశాడు. ఇలాంటి ఆధారాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించాలి.

మొదటిది, ఎప్పుడు చెప్పారు? సంఘటనకు, పుస్తకానికి మధ్య ఇరవై ఏళ్లకు పైగా గడిచాయి. మనిషి తన గతాన్ని పదేపదే చెప్పుకునే కొద్దీ అది ఒక కథ రూపం తీసుకుంటుంది.

రెండవది, చెప్పేవారికి ఏమి అవసరం? ఆయుధాల అక్రమ రవాణా కేసులో బ్రిటన్‌లో కాటన్‌కు 200 పౌండ్ల జరిమానా పడింది. కాబట్టి ఆయన కథనంలో తనను తాను సమర్థించుకునే అవసరం కూడా ఉందని మనం గ్రహించాలి.

మూడవది, ఆయన దేనిని చూడగలిగాడు? చీకట్లో దిగడం, సరుకు దించడం, తెల్లవారేలోపు తిరిగిపోవడం ఎలా ఉంటుందో విమానం నడిపినవారే చెప్పగలరు. ప్రభుత్వ దస్త్రాలలో అది దొరకదు. కాని దించిన ఆయుధాల నీడలో గ్రామాలలో ఏమి జరిగిందో ఆకాశం నుంచి కనిపించదు.

ఈ పరీక్ష కాటన్‌కు మాత్రమే కాదు. వి.పి.మీనన్ (1956), కె.ఎం.మున్షీ (1957), నిజాం ప్రధాని లాయక్ అలీ (1962) కూడా ఈ కాలం గురించి పుస్తకాలు రాశారు. మీనన్, మున్షీ భారత ప్రభుత్వ పక్షాన, లాయక్ అలీ నిజాం పక్షాన పనిచేసినవారు. ఒకరి జ్ఞాపకాన్ని మరొకరి జ్ఞాపకంతో, రెంటినీ దస్త్రాలతో పోల్చి చూడటమే చరిత్రకారుని పని.

పుస్తకం రాయనివారు

ఇప్పుడు చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్‌కు వెళ్దాం. ‘బ్యారక్స్’ అనే మాటే జనం నోట ‘బార్కస్’ అయింది. నిజాం కొలువులో సైనికులుగా పనిచేసిన అరబ్బుల నివాసం ఇది. వీరిలో చాలామంది పూర్వికులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారు. వారు కూడా పరాయి దేశంలో ఆయుధం పట్టి బతికినవారే. అయితే వారు తిరిగి వెళ్లలేదు, ఇక్కడే కుటుంబాలు ఏర్పరచుకుని తరతరాలుగా ఉండిపోయారు.

పోలీసు చర్య తర్వాత అధికారులు సంస్థానంలోని అరబ్బులను ‘విదేశీయులు’గా పరిగణించి ఎందరినో నిర్బంధించారు, కొందరిని దేశం నుంచి పంపించివేశారు. ఈ తేడాను గమనించండి. కొన్ని నెలలపాటు రాత్రివేళ వచ్చిపోయిన విమానాల యజమాని జరిమానాతో బయటపడి, తన కథను పుస్తకంగా మిగిల్చాడు. ఇక్కడే పుట్టినవారు మాత్రం తాము ఏ దేశస్థులమో రుజువు చేసుకోవలసి వచ్చింది. వారి అనుభవాలు చాలావరకు ఇళ్లలో మాటలుగానే మిగిలాయి.

ఇది ఒక్క బార్కస్‌కు పరిమితం కాదు. 1948 ఆగస్టులో రజాకార్ల దాడిలో ఎందరో మరణించిన భైరాన్‌పల్లి గ్రామస్థులదీ ఇదే స్థితి. పోలీసు చర్య సమయంలోను, ఆ తర్వాత జరిగిన హింసలోను 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. దస్త్రం మూతపడి ఉన్న కాలంలో నోటిమాటే చరిత్రను మోసింది.

సారాంశం

జ్ఞాపకం నమ్మదగినదా, కాదా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎవరి జ్ఞాపకం అచ్చయింది, ఎవరిది కాలేదు అని కూడా అడగాలి. అచ్చయినంత మాత్రాన అది ఎక్కువ నిజం కాదు. అచ్చు కానంత మాత్రాన అబద్ధమూ కాదు.

అభ్యాసం

మీ ఇంట్లోగాని, వీధిలోగాని 1948 గురించి తమ పెద్దల నోట విన్నవారితో, వారి అనుమతి తీసుకుని మాట్లాడండి. వారు తాము చూసినది చెబుతున్నారా, విన్నది చెబుతున్నారా అని విడివిడిగా నమోదు చేయండి. తేదీని, మాట్లాడిన చోటును రాయడం మరవకండి. తర్వాత పైన చెప్పిన మూడు ప్రశ్నలతో దానిని పరీక్షించి రెండు పేజీలకు మించకుండా వ్యాసం రాయండి.