రాయి మోసినవారి పేరు

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు కోరారు. ఉద్యోగమంతా కాగితాలు మోసిన గుమాస్తాను. ఈసారి రాళ్లు మోసినవారిని గురించి రాస్తున్నాను.

మాది వజ్రపుకొత్తూరు. ఉద్దానం ఇసుక నేలలో కొబ్బరి, జీడిమామిడి పండుతాయి గాని ఇంటి పునాదికి రాయి దొరకదు. కొండల వైపు నుంచి తెచ్చుకోవలసిందే. నా చిన్నతనంలో ఎడ్లబండి మీద వచ్చేది. బండికెక్కని రాతిని సరుగుడు దుంగలపై దొర్లించేవారు. వెనుక విడిపోయిన దుంగను తీసి మళ్లీ ముందు పెట్టేవారు. గునపమే వారి యంత్రం. ఆరడుగుల గునపానికి, కొన నుంచి అరడుగు దూరంలో ఊతరాయి పెడితే, 60 కిలోల మనిషి బరువు 11 రెట్లై 660 కిలోల రాతిని కదిలిస్తుంది. ఈ విద్య నిన్నటిది కాదు. శ్రీముఖలింగంలో తూర్పు గాంగుల నాటి ఆలయాలు ట్రాక్టర్లు, క్రేన్లు లేని కాలంలో లేచినవే.

తరువాత ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరు లాగుతుందే గాని ఎత్తదు. ఎత్తడానికి మూడు కాళ్ల స్టాండు, దానికి చైన్ బ్లాకు కావాలి. మా ఇసుకలో చక్రాలు దిగబడకుండా పలకలు పరచాలి. గొలుసును ట్రాక్టరు వెనుక కింది డ్రాబారుకే తగిలించాలి. పైన కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. బిగిసిన గొలుసు దగ్గర ఎవరూ నిలబడరాదు.

టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు విదేశాలకూ వెళ్లింది. ఒక ఘనపు మీటరు రాయి సుమారు 2.7 టన్నులు. క్వారీల్లోకి క్రేన్లు వచ్చినా గునపం పట్టే చెయ్యి అవసరం తీరలేదు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక ప్రమాదం కాగితం నా బల్ల మీదికి వచ్చింది. గొలుసు తెగి ఒక కూలీ కాలు నలిగింది. సీనరేజి లెక్క కోసం రాయి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లతో సహా ఉన్నాయి. మనిషి పేరు మాత్రం మస్టరులో లేదు. 1923 నాటి నష్టపరిహార చట్టం, 1952 నాటి గనుల చట్టం అప్పటికే ఉన్నాయి. పేరు లేనివాడు పనివాడని రుజువు చేసేదెలా? ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి ఫైలు పైకి పంపాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఆ నాలుగు అక్షరాలు రాసిన చెయ్యి నాదేనని తలచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. సర్వీసు రిజిస్టరులో మన పేరు ఉన్నందుకే ఆ హక్కు మనదాకా వచ్చింది. కనుక నాదొక మనవి. మీ పిల్లలు, మనవలు ఇల్లు కట్టిస్తున్నా, కాంట్రాక్టు చేయిస్తున్నా, రాయి దించడానికి వచ్చినవారి పేర్లు ముందుగా ఒక పుస్తకంలో రాయించండి. రాతి కొలతలు తరువాత రాసుకోవచ్చు.