బందరు జాతీయ కళాశాల

1854 నాటి వుడ్ విద్యాప్రణాళిక పిమ్మట దొరతనమువారి ధనసహాయమును గైకొను పాఠశాలకు తనిఖీదారుని యాజ్ఞయే శాసనమై, అధ్యాపకులు తమలో తాము యోచించి క్రమమును మార్చుకొను స్వేచ్ఛ మిక్కిలి సన్నగిల్లెను. ఈ కట్టుబాటునకు వెలుపల నిలువనెంచి, నోబిలు కళాశాలలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి శిష్యులైన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు, వంగభంగోద్యమపు వేడి యింకను చల్లారకమున్నే, 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. సర్కారు సొమ్ము నొల్లని సంస్థకు చందాలే దిక్కు. స్వేచ్ఛకు వెల యదియే. హనుమంతరావుగారు 1922లో మరణించువఱకు తమ జీవితమును దానికే ధారవోసిరి.

అచట సాహిత్యమునకును చేతిపనికిని నడుమ గోడ లేకుండెను. ఉపసంఘములెన్ని యేర్పఱచినను ఒనగూడని సహకారము, పండితుడును పనివాడును ఒక్క ప్రాంగణమున మసలుటచే సులభమయ్యెనని నా తలంపు. వంగదేశమునుండి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయుడు చిత్రకళను బోధించెను. ఆయన యొద్ద కుంచె పట్టిన అడివి బాపిరాజు, కవియు కథకుడునై, 1934లో ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను. కవిని, చిత్రకారుని వేఱువేఱు శాఖల కప్పగించు విద్యాలయమున నట్టివానికి పీఠము దొరకుట దుర్లభము.