తంజావూరి సరస్వతీమహలును గ్రంథవ్యసనులును

పుస్తకభాండాగారములను సరస్వతి పేరఁ బిలుచుట దక్షిణదేశమునఁ బ్రాచీనమైన యాచారము. కలబురగి ప్రాంతమునందలి నాగావి ఘటికాస్థానమును గూర్చిన 1058 నాఁటి శాసనమున వేదశాస్త్రములఁ జెప్పు నుపాధ్యాయులతోపాటు సరస్వతీభాండారికు లార్గురు పేర్కొనఁబడియున్నారు. ఉపాధ్యాయుల వరుసలోనే పుస్తకరక్షకులను లెక్కించుట గమనింపఁదగినది. శాసనము ఱాతిమీఁద నిలిచినది గాని, ఆ యార్గురు కాపాడిన పుస్తకములు నిలువలేదు. పూర్వపు భాండారములలోఁ బెక్కింటి గతి యిదియే.

రాజ్యములు మాఱినను, వంశములు నశించినను జెదరక, తుదకు సర్వజనులకుఁ దెఱవఁబడిన భాండారములలో నగ్రగణ్యము తంజావూరి సరస్వతీమహలు. దీని చరిత్రమును వ్రాయువారు తఱచుగా రాజుల వదాన్యతను మాత్రమే వర్ణింతురు. రాజులు కారకులే యగుదురు. కాని రాజులు పోయిన పిదపఁగూడ నిది నిలిచెనేని, దానికి వేఱొక కారణము కలదు. గ్రంథాన్వేషణము వ్యసనముగాఁ గలవారు కొందఱు కాలాంతరములందు దీని వాకిటికి వచ్చుచుండిరి. వారిని రప్పించినది జీతము గాదు. పుస్తకమును గన్నులారఁ జూడవలె నను తహతహయే. వ్యసనశబ్దము లోకమున నిందార్థమునందే హెచ్చుగా వాడఁబడుచున్నను, విద్యావిషయమున దానినిఁ బెద్దలు గుణముగానే పరిగణించిరి.

సరస్వతీమహలను పేరు వైయాకరణుల చెవికిఁ గొంత కటువుగా నుండక మానదు. పూర్వపదము శుద్ధసంస్కృతము, ఉత్తరపదము అరబ్బీనుండి పారసీకమునకును, దానినుండి దేశభాషలకును వచ్చినది. చిన్నయసూరి సమాసములను సాంస్కృతిక మాచ్ఛికము మిశ్రమని మూఁడుగా విభజించెను గావున, దీనిని మూఁడవదానిలోఁ జేర్చి తృప్తి నొందవలసినదే. దేవనాగర, నందినాగర, గ్రంథ, ఆంధ్రలిపుల ప్రతులొక్క కప్పు క్రిందఁ జేరిన యీ చోటికి నా సంకరపుఁ బేరే తగియున్నదని చెప్పవచ్చును.

1532 ప్రాంతమునఁ జెవ్వప్పనాయకుఁడు తంజావూరి నాయకరాజ్యమును స్థాపించెను. ఆతని మనుమఁడు రఘునాథనాయకుఁడు సంస్కృతాంధ్రములయందు స్వయముగాఁ గవి. చేమకూర వేంకటకవియు, యజ్ఞనారాయణదీక్షితులును, రామభద్రాంబయు నాతని సభలోనివారు. ఆతని కుమారుఁడు విజయరాఘవుని కాలమున యక్షగానము విశేషముగా వర్ధిల్లెను. 1673లో మధుర చొక్కనాథనాయకుని సైన్యము తంజావూరిపైఁ బడఁగా విజయరాఘవుఁడు పోరి మడిసెననియు, అంతఃపురము మందుగుండుచే నాశమయ్యెననియుఁ దంజావూరి యాంధ్రరాజుల చరిత్రము చెప్పుచున్నది. అట్టి విపత్తులోఁగూడ నాయకుల పుస్తకములు కొన్ని మిగిలినవి. తరువాత 1675 ప్రాంతమున రాజ్యమును గైకొన్న యేకోజీ మహారాష్ట్రుఁడు. అయినను నాతని వంశమువారు తెలుఁగును ద్రోసివేయలేదు. షాహజీ తానే పల్లకిసేవాప్రబంధము మొదలగు యక్షగానములను రచించెను. ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని రాధికాసాంత్వనమును వెలయించెను. అరవదేశము నడుమ, మరాటీరాజుల కోటలోఁ, దెలుఁగు తాళపత్రములు నానాఁటికిఁ బెరుగుచుండుట యీ భాండారచరిత్రమునందలి వింతలలో నొకటి.

ఈ భాండారమున కిప్పటి రూపమునిచ్చినవాఁడు రెండవ శరభోజి. ఈతఁడు 1777లో జన్మించెను, తుళజారాజునకు దత్తపుత్రుఁడు. స్వార్ట్జను క్రైస్తవబోధకుని సంరక్షణమునఁ బాశ్చాత్యవిద్యల నభ్యసించెను. 1798లో సింహాసన మెక్కెను. మఱుసటి యేఁటనే, యనఁగా 1799లో జరిగిన యొడంబడికచే రాజ్యాధికారము కుంఫిణీవారి పరమయ్యెను. ఆతనికి మిగిలినవి కోటయు, భరణమును, దీఱికయును. అట్టి స్థితిలో నున్న రాజులు పలువురు వేఁటలతోను విందులతోను గాలము గడపిరి. శరభోజి పుస్తకములఁ గొనెను. కోటలో దేవనాగరలిపితో నచ్చువేయు ముద్రాశాలను నెలకొల్పెను. వైద్యశాస్త్రమున నాతనికిఁ గల శ్రద్ధ ధన్వంతరిమహలు పేర నేఁటికిని స్మరింపఁబడుచున్నది. ఐరోపాఖండమునుండి తెప్పించిన యచ్చుపుస్తకములు వేలకొలఁది యీ భాండారమున నున్నవి. వానిలోఁ బెక్కింటిపై నాతఁడింగ్లీషున స్వహస్తముతోఁ జేసిన చేవ్రాలు కనఁబడును. రాజముద్ర వేయుట సేవకులు చేయఁగల పని. పుస్తకము వెంటఁ బుస్తకము దీసి తానే చేవ్రాలు చేయుట, వానినిఁ జేతఁబట్టి చూచినవాఁడు చేయు పని.

1820 ప్రాంతమున శరభోజి కాశీయాత్ర చేసెను. రాజులు కాశికిఁ బోయి దానధర్మములు చేసి వచ్చుట క్రొత్త గాదు. ఈతఁడు పుస్తకములనుగూడ సేకరించి తెచ్చెను. సంస్కృతప్రతులలోఁ జాల భాగ మీ యాత్రతో సంబంధించినదే యని పిదపఁ జూచినవారు నిర్ణయించిరి. దీనివలనఁ గలిగిన ప్రయోజనము సంఖ్యాధిక్యముకన్న గొప్పది. దక్షిణదేశమునఁ దాటియాకులపై వ్రాసిన ప్రతులును, ఉత్తరదేశమునఁ గాగితములపై వ్రాసిన ప్రతులును నొక్క చోటఁ జేరెను. ఒక గ్రంథమునకు రెండు దిక్కుల పాఠములను నొక్క పీటపైఁ బఱచి పోల్చిచూచు నవకాశము కలిగెను. లేఖకుని ప్రమాద మెక్కడఁ బుట్టినదో, సంప్రదాయభేద మెక్కడ మొదలైనదో నిర్ణయించుటకుఁ బాఠపరిష్కర్తకు నింతకన్నఁ గావలసిన దేమి?

శరభోజి 1832లో గతించెను. ఆతని కుమారుఁడు శివాజీ 1855లో మగసంతతి లేక మృతినొందఁగాఁ గుంఫిణీ ప్రభుత్వము సంస్థానమునేకాక కోటలోని సొత్తునుగూడ స్వాధీనపఱచుకొనెను. పట్టపురాణి కామాక్షీబాయి వ్యాజ్యము వేసెను. మదరాసు సుప్రీముకోర్టు రాణిపక్షమునఁ దీర్పు చెప్పినను, ఇది రాజ్యతంత్రమునకుఁ జేరిన కార్యము గావున న్యాయస్థానముల విచారణకు లోఁబడదని 1859లోఁ బ్రీవీకౌన్సిలు దానిని గొట్టివేసెను. అటుపిమ్మట 1862లోఁ బ్రభుత్వమే స్వంతసొత్తును రాణుల కిచ్చివేసెను. అంతట రాణుల నడుమ వివాదము పుట్టి, 1868లో మదరాసు హైకోర్టు విచారణకు వచ్చెను. నగలును నిండ్లును బంచుకొనవచ్చును. పుస్తకములను బంచుకొన్నచోఁ దలకొక కట్ట దక్కి, గ్రంథము మాత్ర మెవ్వరికిని దక్కకపోవును. ఆ యాపద తప్పినది.

ఇట్టి కాలమునఁ దంజావూరికి జిల్లా న్యాయాధిపతిగా వచ్చినవాఁడు ఆర్థరు కోకు బర్నెలు. ఈతఁడు 1840లో జన్మించి, యిరువదియేండ్ల ప్రాయమున మదరాసు సివిలు ఉద్యోగమునకు వచ్చెను. ఆరోగ్యము దుర్బలము. జీతమునకుఁ జేయవలసిన పని వ్యాజ్యములు వినుట. మనస్సు మాత్రము తాళపత్రములమీఁద. ప్రభుత్వ మనుమతింపఁగా నాతఁడు కోటలోని కట్టలను విప్పి చూడసాగెను. సంస్కృతప్రతులు 18,000కుఁ బైఁబడి యున్నవనియు, వానిలో 8,000 తాళపత్రములనియు లెక్క తేల్చెను. లిపు లనేకములు. ఒక్కొక్క కట్టకు గ్రంథనామము, కర్త, విషయము నిర్ణయింపవలెను. తొలియాకు చినిఁగినచో మంగళశ్లోకము లేదు. తుదియాకు పోయినచో గద్య లేదు. అట్టి ప్రతిని నడుమ విషయముఁ జదివి గుర్తింపవలసినదే. ఈ పని ఫలముగా వర్గీకృతసూచి 1880లో మదరాసు ప్రభుత్వముచేఁ బ్రకటింపఁబడెను. రెండేండ్లకు, 1882లో, బర్నెలు స్వదేశమున మరణించెను. అప్పటి కాతనికి నలువదిరెండేండ్లు.

బర్నెలు సూచీకారుఁడు మాత్రమే కాఁడు. దక్షిణభారతలిపులఁ గూర్చి 1874లోను, ఐంద్రవ్యాకరణసంప్రదాయమును గూర్చి 1875లోను గ్రంథములు ప్రకటించెను. కాతంత్రమునందును, పాలీభాషకుఁ గచ్చాయనుఁడు రచించిన వ్యాకరణమునందును, అరవపుఁ దొల్కాప్పియమునందును సమానముగాఁ గనఁబడు పరిభాషలను జూపి, యివి పాణినికిఁ బూర్వమైన యైంద్రసంప్రదాయము శాఖలని యాతఁడు వాదించెను. తొల్కాప్పియపు పాయిరమే యైంద్రమును బేర్కొనుటచే నీ వాదమున కొక యూఁత కలదు. కాని పరిభాషాసామ్యము సంప్రదాయసామ్యమును మాత్రమే తెలుపును. నేఁడు లభింపని యొక గ్రంథము యొక్క స్వరూపమును దానివలన నిర్మింపఁజాలము. సిద్ధాంతము బలహీనమైనను, మూఁడు భాషల వ్యాకరణములను నొక్క చూపునఁ జూచినవారు నాఁటికి మిక్కిలి యరుదు.

సూచి వెలువడిన దినముననే సరస్వతీమహలు ప్రజలదయ్యె నని చెప్పుట యతిశయోక్తి గాదు. అంతకుఁ బూర్వము కోటలో నేమున్నదో యెఱుఁగఁగలవారు కోటలోనివారే. సూచి యచ్చుపడిన పిమ్మటఁ గాశిలోని పండితుఁడును, బెర్లినులోని యాచార్యుఁడును దనకుఁ గావలసిన ప్రతి యిక్కడ నున్నదని యెఱుఁగఁగలిగెను. చట్టము ప్రకారము తలుపులు తెఱవఁబడుట కింక ముప్పది యెనిమిదేండ్లు పట్టినను, వాకిలి దారి తెలిసినది.

అయితే యా సూచి సంస్కృతమునకు మాత్రమే. తెలుఁగు కట్టలకు నట్టి మార్గదర్శి లేదు. ఈ లోపమువలన నెంత నష్టము వాటిల్లి యుండెడిదో తెలియుటకు నన్నెచోడుని కథ చాలును. మానవల్లి రామకృష్ణకవి (1866-1957) గ్రంథాన్వేషణమునకై యూరూరఁ దిరిగినవాఁడు. పిదప నభినవభారతితోఁ గూడిన నాట్యశాస్త్రమును బరిష్కరించినవాఁ డీతఁడే. ఈతఁడు తంజావూరి భాండారమున నన్నెచోడుని కుమారసంభవమును గనుఁగొని, 1909లోఁ బ్రథమభాగమును బ్రకటించెను. అంతవఱకుఁ దెలుఁగు సాహిత్యచరిత్రమున లేని యొక మహాకవి యొక్కసారిగా నవతరించెను. నన్నయకుఁ బూర్వుఁడని పరిష్కర్త వాదించెను. నన్నయకుఁ బిమ్మటివాఁడని పలువురు ఖండించిరి. గ్రంథము యొక్క ప్రామాణ్యమునే శంకించినవారును గలరు.

ఈ వాదమున నన్నెచోడుని కాలము నన్నయకుఁ బిమ్మటిదే యనుట భాషాలక్షణములనుబట్టి సమంజసముగాఁ దోఁచును. ఇక్కడ విచారింపవలసినది మఱొకటి. ఆదికవి యెవ్వఁడను ప్రశ్న యొక కోటలోని యొక కట్టపై నాధారపడినప్పుడు, ఆ కట్టను బరిష్కర్త యొక్కఁడే చూచి యుండినచో నాతని మాటను నమ్ముటయో నమ్మకుండుటయో తప్ప వేఱు గతి యుండదు. శంకించువాఁడు రైలెక్కి పోయి, ప్రతిని జూచి, యక్షరముల రూపమును, ఆకుల ప్రాయమును బరీక్షించి రావలెను. అందులకు వీలు కల్పించునదే ప్రజాభాండాగారము. ఈ దృష్టితోఁ జూచినచో సరస్వతీమహలు తలుపులు తెఱచుట తెలుఁగు సాహిత్యచరిత్రమునకు సాక్ష్యవిచారణాలయము దొరకుట వంటిది.

1918లో రాజవంశీయుల యంగీకారముతో మదరాసు ప్రభుత్వము దీనినొక ధర్మసంస్థగా నేర్పఱచి సర్వజనుల కుపయోగపడునట్లు చేసెను. ఆ యేఁడే చీరాల చెంత వేటపాలెమున యువజనులు కూడి సారస్వతనికేతనమునకు నాంది పలికిరి. ఒకటి రాజగృహమునుండి ప్రజలకు దిగివచ్చినది. రెండవది ప్రజల చందాలతోఁ బైకి లేచినది. తంజావూరి సంస్కృతప్రతులకుఁ బి. పి. సుబ్రహ్మణ్యశాస్త్రి రచించిన వివరణాత్మకసూచి 19 సంపుటములుగా 1928 మొదలు 1934 వఱకు వెలువడెను. రామభద్రాంబ రచించిన రఘునాథాభ్యుదయమును 1934లో టి. ఆర్. చింతామణి ప్రకటింపఁగా, నాయకరాజుల చరిత్రమున కొక సమకాలికసాక్ష్యము లభించెను. 1983లో భారతప్రభుత్వము దీనిని జాతీయప్రాధాన్యము గల సంస్థగాఁ బ్రకటించెను.

కట్టలను గాపాడు విధానము మాత్రము చాలవఱకుఁ బూర్వులదే. వసకొమ్ము, నల్లజీలకఱ్ఱ, మిరియములు, లవంగములు, దాల్చినచెక్క దంచి, కర్పూరముఁ గలిపి, చిన్న గుడ్డమూటలుగాఁ గట్టి పుస్తకముల నడుమ నుంతురు. ఎండి పెళుసెక్కిన యాకులకు నిమ్మగడ్డి నూనె పూయుదురు. పురుగునకు గిట్టనివియు, మనుష్యునకు హాని సేయనివియు నగు నీ ద్రవ్యములు ప్రతి గృహస్థుని వంటయింటనో మందులపెట్టెలోనో దొరకునవే. అట్లయ్యు నెన్నో పండితగృహములలో నాకులు చెదపురుగుల పాలగుచునే యున్నవి. ద్రవ్యములు లేకగాదు, ఏఁటికొకసారి కట్ట విప్పి చూచువారు లేక.

భాండారము ప్రజలదైన పిమ్మట జరిగిన యొక మార్పు విశేషించి చెప్పఁదగినది. అంతవఱకు రాజులు తెచ్చిన పుస్తకములే దీనియందు చేరుచుండెను. తలుపులు తెఱచిన పిదపఁ దంజావూరి పండితకుటుంబములు తమ యిండ్లలోని కట్టలను దెచ్చి యీయసాగెను. జంబునాథభట్టు లాండగె, కాగల్కరు, పతంగావధూత సంగ్రహములు ముఖ్యముగా నిట్లు వచ్చినవి. అవి నేఁడు రాజులు కూర్చిన ప్రతుల సరసనే యున్నవి.