మనిషి ముందా, సామాను ముందా?

ఇంకో రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదు వచ్చేస్తున్నాం. ఆరేళ్ళ న్యూజెర్సీ కాపురం. విమానం టిక్కెట్లు అరగంటలో కొనేశాం. చిక్కంతా సామాన్లతోనే వచ్చింది. ప్యాకర్లవాడు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని పెట్టెలు?" అని కాదు, "మీకంటే ముందు పంపమంటారా, మీరు వెళ్ళాక పంపమంటారా?" అని. ముందు పంపితే ఇక్కడ ఖాళీ ఇంట్లో నేల మీద పడుకుని పేపర్ ప్లేట్లలో తినాలి. తర్వాత పంపితే అక్కడికెళ్ళి అదే పని చెయ్యాలి. పెట్టెలు మాకంటే ముందు రేవు చేరితే గోడౌన్ అద్దె ఆటో మీటర్ లాగా తిరుగుతూనే ఉంటుంది.

మన కస్టమ్స్ వాళ్ళ 2016 నాటి బ్యాగేజీ నిబంధనల్లో దీనికో లెక్క రాశారు. విడిగా పంపే సామాను మనిషి రావడానికి రెండు నెలల ముందు దాకా దేశంలో దిగొచ్చు. మనిషి వచ్చాక పంపేట్టయితే నెల లోపు అక్కడ బయల్దేరాలి. జబ్బు చేసో, ప్రకృతి వైపరీత్యం వల్లో, పరిస్థితులు బాగోకో, రవాణా ఆగిపోయో మనిషి రాలేకపోతే అధికారి ఆ రెండు నెలల్ని ఏడాది దాకా పెంచొచ్చు. (ఇలాంటివి మారుతుంటాయి, మీరు పంపేనాటికి ఏది అమల్లో ఉందో చూసుకోండి.) ఆ చివరి వాక్యం రాసినవాడికి చరిత్ర తెలుసని నాకనిపించింది.

అమ్మ మాత్రం ఫోన్లో ఒక్క ముక్కలో తేల్చేసింది. "సామాన్లదేముందిరా, ముందు మీరు రండి."

ఏ పని మొదలుపెట్టినా దాని చరిత్ర తవ్వుతూ కూచుని అసలు పని పక్కన పెట్టేయడం నాకున్న రోగం. ఈసారీ అదే జరిగింది :)

తెరచాప ఓడల కాలంలో ఈ ప్రశ్నే లేదు. మనిషీ పెట్టే ఒకే ఓడలో వెళ్ళేవి, తేదీని గాలి నిర్ణయించేది. ఇంగ్లండు నుంచి ఆఫ్రికా కొస చుట్టి ఇండియా రావడానికి నాలుగైదు నెలలు, ఒక్కోసారి ఆరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తూర్పు తీరం వైపు రావడానికి నావికులు భయపడేవారు, ఈశాన్య రుతుపవనాలూ తుఫాన్లూ ఉంటాయి కాబట్టి. అప్పట్లో మద్రాసుకి సరైన రేవు కూడా లేదు.

మనిషినీ పెట్టెనీ విడదీసింది ఆవిరి ఓడ. 1840ల్లో అలెగ్జాండ్రియా దాకా ఒక ఓడలో వచ్చి, కాలవ మీదా నైలు నది మీదా కైరో చేరి, అక్కణ్ణించి ఎడారి దాటి సూయెజ్ లో ఇంకో ఓడ ఎక్కే దారి బాగా నడిచింది. నెలల ప్రయాణం వారాల్లోకి దిగింది. కానీ ఎడారిలో మనుషులకి గుర్రపు బళ్ళు, పెట్టెలకి ఒంటెలు. ఒంటె మీద బీరువా ఎక్కించలేం కదా! అందుకని దొరలు బట్టల పెట్టెలు వెంట తెచ్చుకుని, బరువైన సామాను పాతదారిలో ఆఫ్రికా చుట్టూ పంపేవారు. దాన్ని మనిషికన్నా నెలల ముందు ఓడెక్కించాలి. "ఎప్పుడు పంపాలి" అనే తలనొప్పి పుట్టింది అక్కడే అని నా అభిప్రాయం. 1869లో సూయెజ్ కాలవ తెరిచాక మనిషీ పెట్టే మళ్ళీ ఒక ఓడలోకొచ్చాయి. పీ అండ్ ఓ ఓడల్లో పెట్టెల మీద "ప్రయాణంలో కావాలి", "ప్రయాణంలో అక్కర్లేదు" అని చీటీలు అంటించేవారు. అక్కర్లేనిదీ కాళ్ళ కిందే, ఓడ అడుగున ఉండేది. 1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాక మళ్ళీ విడిపోయాయి. ఇప్పటికీ అంతే.

ఇంతవరకూ సరదాగానే చదివాను. తర్వాత హాంబర్గ్ దగ్గర ఆగిపోయాను.

కంటైనర్ అనగానే మనకి 1956 ఏప్రిల్ 26న అమెరికాలో నెవార్క్ నుంచి హ్యూస్టన్ కి 58 పెట్టెలతో బయల్దేరిన ఐడియల్-ఎక్స్ ఓడ గుర్తొస్తుంది. (నెవార్క్ మా ఇంటికి అరగంట దూరం.) కానీ ఇంటి సామాన్లకి అలాంటి పెట్టె అంతకు ముందే ఉంది. దాన్ని లిఫ్ట్ వ్యాన్ అనేవారు. చిన్న గదంత చెక్కపెట్టె, ఇంటి దగ్గరే నింపి మేకులు కొట్టేస్తే క్రేన్ తో ఎత్తి ఓడలో పెట్టడమే. 1930ల్లో జర్మనీ వదిలి వెళ్ళిపోతున్న యూదు కుటుంబాలు కాపురమంతా వీటిలోకి సర్దాయి. పాలస్తీనా చేరిన కొన్ని పెట్టెల్ని అక్కడివాళ్ళు పాకలుగానూ, ఉండే గదులుగానూ వాడుకున్నారు.

వాళ్ళు డబ్బు తీసుకెళ్ళడానికి దాదాపు వీల్లేదు. ఆస్తిలో నాలుగో వంతు వెళ్ళిపోయే పన్ను, మిగిలింది మారకంలో కరిగిపోతుంది, చేతిలో పది మార్కులు. కాబట్టి మిగిలిన ఆస్తంటే సామానే. దానికీ జాబితా ఇవ్వాలి. దుప్పట్లెన్ని, చెంచాలెన్ని, ఏది 1933కి ముందు కొన్నది, ఏది తర్వాత కొన్నది, ఏది వలస కోసమే కొత్తగా కొన్నది, అన్నీ విడివిడిగా రాసివ్వాలి. కొత్త వస్తువుల మీద వాటి ఖరీదంత సుంకం పడొచ్చు. 1939 ఫిబ్రవరిలో యూదులు బంగారం, వెండి అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. పెళ్ళి ఉంగరం, మనిషికి రెండు జతల వెండి చెంచాలూ ఫోర్కుల్లాంటివి మాత్రం ఉంచుకోవచ్చు. సర్దుతుంటే అధికారి పక్కన నిలబడి చూసి సీలు వేసేవాడు.

ఇక తేదీ సంగతి. వీసా ఎప్పుడొస్తుందో తెలీదు, ఏ దేశానికొస్తుందో తెలీదు. ఊరు తెలియకుండా పెట్టె ఎక్కడికి పంపుతారు? వీసా చేతికొస్తే ఇక ఆగకూడదు. అందుకని చాలామంది సూట్‌కేసులతో వెళ్ళిపోయారు, కొత్త అడ్రసు రాశాక పెట్టె పంపమని రవాణా కంపెనీకి చెప్పి. పెట్టెలు హాంబర్గ్ రేవు గోడౌన్లలో ఎదురుచూశాయి. 1939 సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది. జర్మన్ ఓడలు సముద్రం దాటడం ఆగిపోయింది. ఆగస్టులో కదిలిన పెట్టెకీ సెప్టెంబరుకి ఉంచిన పెట్టెకీ తేడా ఒక్క నెల.

అలాగని కలిసెళ్తే గట్టెక్కినట్టేనా అంటే అదీ లేదు. 1939 మే 13న హాంబర్గ్ నుంచే 900 మందికి పైగా శరణార్థులతో సెయింట్ లూయిస్ అనే ఓడ క్యూబా వెళ్ళింది. అక్కడ బహు కొద్దిమందినే దిగనిచ్చారు. మిగతావాళ్ళు జూన్ లో మళ్ళీ ఐరోపా ఒడ్డుకే వచ్చారు.

హాంబర్గ్ లో చిక్కుకున్న పెట్టెలు సుమారు 3,000 నుంచి 4,000 అని పరిశోధకుల లెక్క. 1941లో గెస్టపో వాటిని స్వాధీనం చేసుకుని వేలం వేయించడం మొదలుపెట్టింది. వేలం ప్రకటనలు పేపర్లో పడేవి. జనం వచ్చి చౌకగా కొనుక్కుపోయేవారు. మంచాలు, కుట్టుమిషన్లు, పిల్లల బొమ్మలు, పక్కబట్టలు. అమ్మిన డబ్బు సర్కారుకి. యుద్ధం ఆఖరు దాకా ఇది సాగింది. ఇన్నేళ్ళ తర్వాత బ్రెమర్‌హావెన్ లోని జర్మన్ సముద్రయాన మ్యూజియం వాళ్ళు ఆ పెట్టెల జాడ తీస్తూ ఒక డేటాబేస్ కట్టారు. పెట్టె ఎవరిది, ఏ కంపెనీ చేతికిచ్చారు, ఎవరు వేలం వేశారు అని. డేటాబేసులు నా రోజువారీ పని, కానీ అందులో ఒక్కో వరస ఒక్కో ఇల్లు అనుకుంటే గబగబా కిందికి జరపడానికి చెయ్యి రాలేదు.

నన్ను పట్టుకున్నది ఆ జాబితా. సామాను తమదే అని నిరూపించుకోవడానికి వాళ్ళే కూచుని, తమ చేత్తో, చెంచాతో సహా రాసిచ్చారు. ఎవరింట్లో ఏముందో సర్కారుకి ముందే తెలుసు, కష్టపడి కనుక్కోవాల్సిన పనే లేదు. పెట్టె మనతో ఉన్నంతసేపూ అది మన సామాను. ఒకసారి మననుంచి విడిపోయాక అది కాయితం మీదే మనది, చేతిలో ఉన్నది రేవువాడికి.

ఇదంతా మనకి దూరపు గొడవ అనుకోవడానికి లేదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులు. వాళ్ళలో కోస్తా జిల్లాలనుంచి కూలికెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8కి ఊరు జపాన్ చేతిలో ఉంది. మధ్యలో రెండున్నర నెలలు. ఓడలో చోటు దొరికినవాడు పెట్టె తెచ్చుకోగలిగాడు. అరకాన్ కొండల మీదుగానో మణిపూర్ మీదుగానో నడిచినవాడు దార్లో ఒక్కోటీ దింపుకుంటూ వచ్చాడు, వాళ్ళలో ఎంతోమంది ఊరే చేరలేదు. 1964లో రెండోసారి. మార్చిలో దుకాణాలు జాతీయం చేశారు, మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఈసారి ఓడలున్నాయి, టైముంది, ఓడెక్కించడానికే ఏం మిగల్లేదు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అని పేటే ఉంది. నాలుగేళ్ళు విశాఖలో చదువుకుని, సిటీ బస్సు బోర్డు మీద ఆ పేరు వందసార్లు చూసి, ఎందుకొచ్చిందని ఒక్కసారీ అడగలేదు నేను.

మా సంగతి వీటి పక్కన పెట్టేది కాదని తెలుసు. మాకు వీసా భయం లేదు, యుద్ధం నుంచి పారిపోవడం లేదు. అయినా 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా కంపెనీలు సూయెజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిప్పాయి. అంటే 1840ల్లో దొరల బీరువాలు వెళ్ళిన దారిలోనే, 2024లో మనవాళ్ళ టీవీలూ సోఫాలూ వెళ్ళాయన్నమాట.

నిన్న రాత్రి ప్యాకింగ్ లిస్ట్ ఎక్సెల్ లో మొదలుపెట్టాం. వస్తువు, ఎన్ని, ఎప్పుడు కొన్నది, ఇప్పుడెంత చేస్తుంది. నలభయ్యో వరసలో "చెంచాలు" అని టైపు చేసి కాసేపు ఆగాను. మా ఆవిడ "ఏమైంది?" అంది. చెప్పాను. తను లేచి వెళ్ళి, వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి కుంకుమ భరిణె, పెళ్ళి ఆల్బమూ, బాబు మొదటి చొక్కా తెచ్చి విమానంలో పట్టుకెళ్ళే సూట్‌కేసులో పెట్టింది. మిగతావి మేం ఎక్కడానికి మూడు వారాల ముందు పంపుతున్నాం. ప్యాకర్లవాడికి ఇందాకే ఫోన్ చేసి చెప్పాను.