పాత పికప్ ట్రక్కులు, తుప్పు, ఇంటి షెడ్డులో రేకు పని

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వచ్చే సభ్యులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. సాయంకాలం నడకకు బయలుదేరినప్పుడు ఏదో ఒక ఇంటి కారుషెడ్డు తలుపు ఎత్తి ఉండడం, లోపల తలుపులూ మడ్‌గార్డులూ ఊడదీసిన పాత పికప్ ట్రక్కు ఒకటి స్టాండ్ల మీద నిలబడి ఉండడం, దాని కింద మన వయసువాడే ఒకాయన పడుకొని ఏదో గీకుతూ ఉండడం వారిలో కొందరైనా చూసే ఉంటారు. ఇంత డబ్బున్న దేశంలో ఈ పాత ఇనుముతో వీళ్ళకేం పని అని మనలో మనం అనుకోవడమూ కద్దు. ఆ పనికి ఒక చరిత్ర ఉంది. వర్క్‌షాపుల్లో, జీపుల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవారికీ, ఆ గొడవ బొత్తిగా తెలియనివారికీ కూడా అది ఆసక్తి కలిగిస్తుందనే నమ్మకంతో ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను.

పికప్ అంటే ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబ్, వెనుక సామాను వేసుకునే తొట్టి. మొదట్లో దీనిని ఏ కంపెనీ తయారుచేసి అమ్మలేదు. రైతులే తమ కారు వెనుక భాగాన్ని కోసేసి, అక్కడ చెక్కపెట్టె బిగించుకుని వాడుకునేవారు. అది గమనించిన ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టీ కారుకు ఉక్కు తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. మొదటి ఏడాదే సుమారు 34 వేల బండ్లు అమ్ముడుపోయాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947లో షెవ్రొలే, 1948లో ఫోర్డ్ కొత్త రూపంలో పికప్‌లు తెచ్చాయి. గుండ్రటి ముక్కు, ఉబ్బిన మడ్‌గార్డులు ఉన్న ఆ బండ్లే ఇప్పుడు అభిమానులు వెదికి వెదికి కొనేవి. వాడిన రోజుల్లో మాత్రం వాటినెవరూ కారులాగా కడిగి తుడిచి చూసుకోలేదు. ఎరువు మోశారు, గడ్డి మోశారు, దూడల్ని మోశారు, రాత్రికి ఆరుబయట వదిలేశారు.

తుప్పు సంగతికి వస్తే, బయట వాన పడి రంగు పోయి రేకు చెడుతుందని సామాన్యంగా అందరూ అనుకుంటారు. పాత పికప్‌లలో జరిగేది దానికి తలకిందులు. క్యాబ్ అంటే ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఉక్కు రేకులను అచ్చులో నొక్కి, అంచుకు అంచు చేర్చి, చుక్కలు చుక్కలుగా స్పాట్ వెల్డింగ్ చేసిన పెట్టె. తలుపు కింద గడపలాగా ఉండే భాగం లోపల బోలు. దాన్ని వాళ్ళు రాకర్ ప్యానెల్ అంటారు. క్యాబ్ వెనుక రెండు మూలలూ బోలే. తలుపు అడుగూ బోలే. ఈ బోలు భాగాల లోపలికి ఫ్యాక్టరీలో రంగు సరిగా చేరేది కాదు. కిటికీ అద్దం పక్క నుంచి కారిన నీరు తలుపులోకి దిగుతుంది. చక్రాలు చిమ్మిన మట్టి మూలల్లోకి చేరుతుంది. నీరు పోవడానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలు పెట్టే ఉంటారు కానీ, మట్టీ గడ్డిపొట్టూ చేరి అవి మూసుకుపోతాయి. ఆ తడిమట్టి నెలల తరబడి రేకును అంటిపెట్టుకొని ఉంటుంది. బయట రంగు మీద కందిగింజంత బుడగ కనిపించేసరికి లోపల అరచేయంత రేకు పోయి ఉంటుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకని రెండు రేకులు కలిసిన అతుకులో చేరితే ఆ అతుకునే విప్పదీస్తుంది.

దీనికి ఉప్పు తోడైంది. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లితే మంచు కరిగిపోతుంది. 1941–42 శీతాకాలంలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం దీనిని మొదటగా ఒక విధానంగా చేపట్టింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద హైవేలకు చల్లిన ఉప్పు 5 వేల టన్నులు. 1955 నాటికి అది 10 లక్షల టన్నులైంది. ఆ తర్వాత పదిహేనేళ్ళు నిండకుండానే కోటి టన్నులకు దగ్గరపడింది. ఉప్పు తనంతట తాను ఇనుమును తినదు. నీటిలో కరిగి ఆ నీటికి విద్యుత్తును ప్రసరింపజేసే శక్తిని పెంచుతుంది కాబట్టి తుప్పు చర్య జోరందుకుంటుంది. విశాఖలోనో బందరులోనో సముద్రపు గాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో ఎరిగినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. చిత్రమేమంటే మోటారు పరిశ్రమకు రాజధాని అయిన డెట్రాయిట్ నగరం కిందనే, సుమారు 1,100 అడుగుల లోతున, ఉప్పు గని ఉంది. పైన బండ్లు తయారయ్యాయి, కింద వాటి మృత్యువు తవ్వబడింది! ఆ డెట్రాయిట్‌లోనే కర్ట్ జీబార్ట్ అనే జర్మన్ మెకానిక్ బోలు భాగాల్లోకి రక్షణ పూత చిమ్మే పద్ధతిని రూపొందించగా, 1959లో అది వ్యాపారమై ఆయన పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. జబ్బు లోపల ఉందని గుర్తించి వైద్యం లోపలికే పంపినవారిలో ఆయన్ను ముందు వరుసలో చెప్పుకోవాలి.

తుప్పు పట్టని పదార్థం అప్పట్లో లేకపోలేదు. 1955లో షెవ్రొలే తెచ్చిన కేమియో అనే ఖరీదైన పికప్‌కు తొట్టి పక్కలు ఫైబర్‌గ్లాసుతో చేశారు. అది తుప్పును తలచుకొని చేసిన పని కాదు. తక్కువ సంఖ్యలో అమ్మే బండికి ఖరీదైన ఉక్కు అచ్చులు చేయించడం దండగ అని చేశారు. 1958లో దాని స్థానంలో మళ్ళీ ఉక్కు పక్కల బండే వచ్చింది.

ఇక మరమ్మతు. 1950ల దాకా నాణ్యమైన పని అంటే సీసం పనే. సొట్టపోయిన చోట, అతుకు వేసిన చోట 70 పాళ్ళు సీసం, 30 పాళ్ళు తగరం కలిసిన కడ్డీని మంటతో మెత్తబరచి, కొవ్వు పూసిన చెక్క గరిటెతో రేకు మీద పరిచి, చల్లారాక ఆకురాయితో నునుపు చేసేవారు. ముందుగా రేకును శుభ్రం చేసి దానికి తగరపు పూత పట్టించాలి, లేకపోతే సీసం అంటుకోదు. మన చిన్నతనంలో వీధి అరుగు మీద కూర్చుని కొలిమి ఊది, నవాసాగరం చల్లి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినవారు చేసిందీ ఈ మొదటి మెట్టే. మంట కొంచెం ఎక్కువైతే సీసం కారిపోతుంది, తక్కువైతే పొడిపొడిగా రాలుతుంది. ఇది చేయి తిరిగిన పనివాడి విద్య, ఇంట్లో నేర్చుకోవడం తేలిక కాదు. సీసపు పొగా ధూళీ ఒంట్లో చేరి పనివాళ్ళ ఆరోగ్యాన్ని తినేవి. ఈ విద్య అంతరించిపోతోందని బాధపడే అభిమానులు ఉన్నారు. నునుపైన పని చూస్తే నాకూ ముచ్చటే గానీ, దానికి పనివాడు చెల్లించిన వెల తెలిశాక ఆ బాధ నాకు అంతగా కలగలేదు.

1950ల మధ్యలో పాలియెస్టర్ రెజిన్‌లో సుద్దలాంటి టాల్క్ పొడి కలిపిన లప్పం వచ్చింది. బాండో అనే పేరుతో అమ్మినది ఎంత ప్రసిద్ధమైందంటే, అమెరికాలో ఆ జాతి లప్పం అంతటికీ అదే పేరుగా స్థిరపడింది. డబ్బాలోంచి ఒక ముద్ద తీసుకుని, గట్టిపరచే ట్యూబు మందు కాస్త కలిపి, బద్దతో పూస్తే కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. కొలిమి అక్కరలేదు, మంట అక్కరలేదు. ఇంటి షెడ్డులోకి రేకు పని నిజంగా అడుగుపెట్టింది ఈ డబ్బాతోనే అని నా అభిప్రాయం. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడితే చీకటి పడేలోగా చిల్లు మాయం!

మాయమయ్యేది కంటికే. చిల్లు వెనుక వైరు జాలీ, కొన్నిసార్లు వార్తాపత్రిక కూడా కుక్కి, దానిమీద అంగుళం మందాన లప్పం పూసినవారికి లెక్కలేదు. ఆ లప్పం నీటిని పీల్చే గుణం కలది. వెనుక నుంచి తేమ తగిలితే పీల్చుకొని, చుట్టూ ఉన్న మంచి రేకుకు దాన్ని అంటిస్తుంది. ఏడాదో రెండేళ్ళో గడిచాక ముద్ద ముద్దగా ఊడి వస్తుంది, అప్పటికి చిల్లు రెండింతలై ఉంటుంది. ఈలోగా బండి చేతులు మారితే ఆ నష్టం కొన్నవాడిది. అందుకే పాత పికప్ కొనబోయే తెలివైనవాడు జేబులో చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి తీసుకువెళతాడు. తలుపు అడుగున, మూలల మీద దానిని జరుపుతూ పోతాడు. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ రేకు లేదని లెక్క. లప్పాన్నే తప్పుపట్టడమూ న్యాయం కాదు. గట్టి రేకు మీద, పలచగా, రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా పూస్తే ఏళ్ళ తరబడి నిలిచే సరుకే అది.

పొలాల్లో మరొక పద్ధతి ఉండేది. చిల్లు మీద జింకు రేకు ముక్క వేసి, రివెట్లు కొట్టి, అంచుల్లో తారు పూయడం. చూడడానికి గోనెసంచికి వేసిన మాసికలాగా ఉంటుంది. ఆ మాసిక ఎవరినీ మోసం చేయలేదు. అందుకే నాకు దానిమీద గౌరవం.

అసలు మలుపు వెల్డింగ్‌తో వచ్చింది. గ్యాసు వెల్డింగ్ ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచీ ఉన్నదే. పలచటి వెడల్పు రేకుకు ఆ మంట తగిలితే అది అప్పడంలా వంకర తిరుగుతుంది. తీగే కరిగి అతుకు పడుతూ, చుట్టూ వాయువు కాపాడే మిగ్ వెల్డింగ్‌ను 1948లో ఒహాయో రాష్ట్రంలోని బాటెల్ పరిశోధన సంస్థలో అభివృద్ధి చేశారు. మొదట ఉద్దేశించింది అల్యూమినియం వంటి లోహాల కోసం. 1950లలో చవకైన కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ఉక్కుకూ అనుకూలపడింది. 1980ల నాటికి ఇంటి కరెంటు ప్లగ్గుతో నడిచే చిన్న యంత్రాలు మామూలు మనిషికి అందుబాటులోకి వచ్చాయి. అదే కాలంలో పాత మోడళ్ళకు కొత్తగా అచ్చుపోసిన క్యాబ్ మూలలు, గడపలు, అడుగు రేకులు కేటలాగు చూసి పోస్టులో తెప్పించుకునే వీలూ పెరిగింది. ఇప్పుడు కొన్ని షెవ్రొలే మోడళ్ళకు మొత్తం క్యాబే కొత్తది దొరుకుతుంది.

ఈ పని చేసే తీరు కొంచెం వివరంగా చెబుతాను. తుప్పును గీకి వదిలేయడం కాదు, మెరిసే గట్టి రేకు తగిలేదాకా వెనక్కు జరిగి కోసేయాలి. కోయకముందే తలుపు ద్వారానికి అడ్డంగా ఇనుప బద్దలు వెల్డు చేసి బిగించాలి. గడప తీసేశాక క్యాబ్ కొద్దిగా కుంగితే కొత్త గడప అలాగే అతుక్కుపోతుంది, తలుపు మళ్ళీ జన్మలో పడదు. కొత్త ముక్కను అంచుకు అంచు సరిగ్గా కూర్చి, ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అవతలి చివర, మరొకటి మధ్యలో పెడుతూ, ప్రతి చుక్కా చల్లారనిస్తూ పోవాలి. జానెడు అతుక్కు గంట పట్టినా తొందరపడకూడదు. సందు ఎక్కువైన చోట వెనుక రాగి బిళ్ళ ఆనించి పట్టుకుంటే కరిగిన లోహం జారదు, రాగికి అతుక్కోదు. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి అతికితే పని సుళువే కానీ, ఆ మధ్య సందులో నీరు నిలిచి మళ్ళీ కథ మొదలవుతుంది.

ప్రాణాల మీదికి వచ్చే సంగతులూ ఉన్నాయి. 1950, 60 దశకాల షెవ్రొలే, ఫోర్డ్ పికప్‌లు చాలావాటిలో పెట్రోలు టాంకు క్యాబ్ లోపల, సీటు వెనుకే ఉండేది. తుప్పు ఎక్కువగా తినేది సరిగ్గా దాని పక్కనున్న మూలల్నే. టాంకు దించి షెడ్డు బయట దూరంగా పెట్టకుండా అక్కడ వెల్డింగ్ నిప్పురవ్వ లేపడమంటే కోరి చావు తెచ్చుకోవడమే. ఖాళీ టాంకు నిండు టాంకు కన్నా ప్రమాదం, ఎందుకంటే అందులో ఉండేది ఆవిరి. జింకు పూత ఉన్న రేకును వెల్డు చేస్తే వచ్చే పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. పైగా క్యాబ్‌ను చాసిస్‌కు బిగించే చోట్ల అడుగు రేకు పోయి ఉంటే, అది అందానికి సంబంధించిన విషయం కాదు. గుద్దుకున్న రోజున క్యాబ్ నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న.

చిన్న చిన్న భాగాల తుప్పు వదిలించడానికి ఇంటివైద్యాలూ ఉన్నాయి. ఒక పాలు చక్కెర మిల్లు మొలాసిస్‌కు తొమ్మిది పది పాళ్ళు నీరు కలిపి, అందులో ముక్కల్ని రెండు మూడు వారాలు నానబెడితే తుప్పు కరిగిపోతుంది, మంచి ఇనుము అలాగే ఉంటుంది. వాసన మాత్రం ఇరుగుపొరుగుతో తగవు తెస్తుంది. చింతపండుతో ఇత్తడి తోమిన మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. చాకలి సోడా నీళ్ళలో ముంచి బ్యాటరీ చార్జరుతో కరెంటు పంపే పద్ధతి ఇంకొకటి. దానిలో హైడ్రోజన్ వాయువు పుడుతుంది కనుక గాలి ఆడే చోటనే చేయాలి.

కంపెనీలు నేర్చుకోకపోలేదు. బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి విద్యుత్తుతో ప్రతి మూలకూ పూత పట్టించే పద్ధతిని ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూవర్ అనే శాస్త్రజ్ఞుడు అభివృద్ధి చేశాడు. 1960లలో అది వాడుకలోకి వచ్చింది. 1980లలో జింకు పూత రేకుల వాడకం బాగా పెరిగింది. ఆ తర్వాతి బండ్లు అంత త్వరగా చిల్లులు పడలేదు. అంతకు ముందువాటికే ఈ సేవ అంతా.

మన ఊళ్ళలో "టింకరింగ్, పెయింటింగ్" బోర్డు కింద సుత్తీ దిమ్మా పెట్టుకుని పాత జీపు రేకును గంటలో నిలబెట్టినవారిని చూసినవారికి, ఒక గడప కోసం అక్కడివాళ్ళు నెల రోజులు పెట్టుకోవడం విడ్డూరంగా ఉండవచ్చు. అక్కడ కూలి ఖరీదు. ఆ కూలి లెక్కగట్టి బయట చేయిస్తే ఖర్చు బండి విలువను దాటిపోతుంది. తీరిక ఉన్నవాడు తన చేత్తో చేసుకుంటేనే ఆ బండి బతుకుతుంది, లేకపోతే ఇనుప తుక్కులోకి పోతుంది. షెడ్లలో కనిపించేవారిలో రిటైరైనవారు ఎక్కువగా ఉండడానికి కారణం అదే.

రంగు వేయడంతో పని అయిపోయిందనుకునేవారు కొందరు. తెలిసినవారు ఆ తర్వాత పొడవాటి గొట్టంతో గడపల్లోకి, మూలల్లోకి మైనం కలిసిన నూనె చిమ్ముతారు. అది అడుగు రంధ్రాల్లోంచి కారి నేల మీద పడితే లోపలంతా చేరిందని గుర్తు. చివరగా సన్నటి తీగ ఒకటి తీసుకుని, మైనంతో మూసుకుపోకుండా ఆ నీటి రంధ్రాలను ఒక్కొక్కటే పొడిచి తెరుస్తారు.